పైకప్పు క్రింద ఫుట్‌బాల్: అయోవాలో ఒక వేసవి

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటంలో నడిమి భాగాన, మిసిసిపి, మిస్సోరి నదుల మధ్య, అయోవా అనే రాష్ట్రం ఉన్నది. కనుచూపు మేర మొక్కజొన్న చేలు, సోయా చిక్కుడు చేలు, నడుమ నడుమ పందుల పెంపకశాలలు, ఎర్రరంగు వేసిన ధాన్యపు కొట్టాలు. ఇదీ ఆ సీమ స్వరూపం. ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ అనే నాలుగు ఆటలలో ఆ దేశపు పెద్ద లీగులకు డబ్బూ, కీర్తీ దండిగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికైనా అయోవాలో జట్టు లేదు. రాజధాని డి మోయిన్ జనాభా 1990 నాటికి రెండు లక్షలు కూడా నిండలేదు. కోట్ల డాలర్ల వ్యాపారం ఆ ఊరి గుమ్మం తొక్కదు.

అటువంటి ఊళ్ళో 1996 వేసవిలో ఒక చిన్న జట్టు 14 ఆటలు ఆడి 12 గెలిచింది. ఆఖరి పోటీ తన ఊళ్ళోనే, తన వాళ్ళ కేకల నడుమనే ఆడే హక్కు సంపాదించుకొన్నది. ఆడి, 4 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఆ జట్టు పేరు అయోవా బార్న్‌స్టార్మర్స్. దాని తరఫున బంతి విసిరినవాడి పేరు కర్ట్ వార్నర్. రెండేండ్ల క్రితం వరకు అతడు రాత్రిపూట ఒక పచారీ దుకాణంలో అలమరలకు డబ్బాలు సర్దిన మనిషి.

వార్నర్ ఆ తరువాత ఎంత వాడయ్యాడో క్రీడాభిమానులు ఎరుగుదురు. ఆ ఎదుగుదల మీద పుస్తకాలు వచ్చాయి, 2021లో ఒక చలనచిత్రమూ వచ్చింది. ఆ చిన్న జట్టు సంగతి, అది ఆడిన ఆట సంగతి మాత్రం ఎవరూ విడిగా చెప్పుకోరు. చెప్పుకోదగిన సంగతి అది.

ముందుగా ఆట ఏమిటో తెలియాలి. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో పాదానికి పని తక్కువ. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తడం, లేదా చేతితో విసరడం, అవతలి వాళ్ళు మీదపడి పడగొట్టడం, ఇదీ దాని సారాంశం. మన కబడ్డీలో ఒక్కణ్ణి ఏడుగురు చుట్టుముట్టి పట్టే సన్నివేశాన్ని తలచుకొని, ఆ ఒక్కడి చంకలో ఒక బంతి ఉన్నదనుకొంటే కొంత వరకు ఊహకు అందుతుంది. బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటితే అది టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. జట్టుకు పదకొండు మంది. మైదానం గీత నుంచి గీతకు నూరు గజాలు. బంతిని అందుకొని, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాలలో నిర్ణయించి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టు భాగ్యం చాలా వరకు అతని భుజం మీద ఆధారపడి ఉంటుంది.

ఇంత మైదానం కావలసిన ఆటను నాలుగు గోడల మధ్యకు తేవాలన్న ఆలోచన జిమ్ ఫోస్టర్ అనే ఆయనకు 1981 ఫిబ్రవరిలో కలిగింది. అప్పటికి ఆయన జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రచార వ్యవహారాలు చూస్తున్నాడు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ ఆట చూస్తూ కూర్చున్నాడు. సాకర్‌ను ఇంటి లోపల ఆడగలిగినప్పుడు మా ఆటను ఎందుకు ఆడకూడదని తోచి, చేతిలో ఉన్న పెద్ద కాగితపు కవరు మీద అక్కడికక్కడే ఒక మైదానం గీశాడు. ఆ గీతలు ఆటగా మారడానికి ఐదేండ్లు పట్టింది. 1986 ఏప్రిల్‌లో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో ఒక ప్రయోగపు ఆట జరిగింది. చూడవచ్చినవారు పదిహేను వందల మంది. మరుసటి ఏడాది నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ వెలసింది. 1990లో ఫోస్టర్ తన ఆటకు పేటెంటు కూడా సంపాదించాడు. యంత్రాలకు, మందులకు పేటెంట్లు విన్నవారికి ఒక ఆటకు పేటెంటు అంటే వింతగానే ఉంటుంది.

ఆ పేటెంటుకు ఆయువుపట్టు ఒక వల. ఐస్ హాకీ ఆడే గచ్చు మీద పరచిన కృత్రిమ పచ్చికే మైదానం. పొడవు 50 గజాలు, వెడల్పు 85 అడుగులు. అసలు మైదానంలో ఇది సగం కూడా కాదు. బయట మైదానంలో గోల్ కర్రల వెనుకకు పోయిన బంతి చచ్చిన బంతి. ఇక్కడ ఆ కర్రలకు రెండు ప్రక్కలా 32 అడుగుల ఎత్తున బిగువుగా వలలు కట్టి ఉంటాయి. వాటికి తగిలి వెనక్కి ఎగిరిన బంతి ఇంకా బ్రతికే ఉంటుంది. ఎవరు పట్టుకొంటే వారిదే. ప్రక్క గీతలకు బదులు మెత్తలు కట్టిన నాలుగడుగుల గోడలు ఉన్నాయి. వాటి అవతల మొదటి వరుస ప్రేక్షకుడు కూర్చుని ఉంటాడు. పరుగెత్తుకు వచ్చిన ఆటగాడు గోడ మీదుగా పల్టీకొట్టి అతని ఒళ్ళో పడిన సందర్భాలు ఆ ఆటకు సర్వసాధారణం. జట్టుకు ఎనిమిది మంది. ఆ రోజులలో వారిలో అధికభాగం దాడికీ, కాపుకూ కూడా దిగవలసిందే. బయటి ఆటలో బంతిని దూరంగా తన్ని బరువు దించుకొనే వీలు ఉన్నది. ఇక్కడ ఆ తన్నుడు నిషిద్ధం. గడియారం కూడా అర్ధభాగాల చివరి నిమిషంలో తప్ప దాదాపు ఆగదు.

వీటన్నిటి ఫలితం ఒక్కటే, వేగం. బయటి ఆటలో ఒక పక్షం 20 పాయింట్లు చేస్తే మంచి రోజు. లోపలి ఆటలో 50 చేసి ఓడినవారూ ఉన్నారు. పెద్ద లీగు పెద్దలు దీన్ని సర్కసు అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే సర్కసులో తీగమీద నడిచేవాడికి కావలసిన కన్ను, నరాల నిబ్బరం ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌కు కావాలి. మీదికి వచ్చేవాళ్ళు రెండు అంగల దూరంలో ఉంటారు. బంతి పట్టవలసినవాడు గోడకూ, ప్రత్యర్థికీ మధ్య జానెడు సందులో ఉంటాడు. ఆలోచించే వ్యవధి లేదు. చూడడమూ, విసరడమూ ఒక్క క్రియ కావాలి.

ఫోస్టర్ కొంతకాలానికి లీగు నిర్వహణ వదలి, 1995లో అయోవాలో తానే ఒక జట్టు నెలకొల్పాడు. దానికి పెట్టిన పేరులో ఒక చమత్కారం ఉన్నది. 'బార్న్' అంటే ధాన్యపు కొట్టం. పందొమ్మిదో శతాబ్దంలో నాటకశాలలు లేని పల్లెలకు పోయి, కొట్టాలలో నాటకాలు ఆడిన సంచార నటులను బార్న్‌స్టార్మర్లు అనేవారు. మన సురభి కుటుంబాలు తెరలూ, రంగు సామాన్లూ బండ్లకెత్తుకొని ఊరూరా దిగిన తీరు గుర్తున్నవారికి ఆ మాటను వేరే వివరించనక్కరలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ మాట నేల విడిచి ఆకాశానికి ఎక్కింది. సైన్యం చవకగా అమ్మివేసిన విమానాలు కొనుక్కొని పల్లెపల్లెకూ పోయి, పొలాలలో దిగి, తలక్రిందుల విన్యాసాలు చూపి పొట్టపోసుకొన్న వైమానికులకు అదే పేరు వచ్చింది. అట్లాంటిక్ దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ కూడా తొలుత ఆ బృత్తిలో తిరిగినవాడే. అయోవా జట్టు ఆటగాళ్ళ శిరస్త్రాణాల మీద వైమానికుల కళ్ళద్దాలు చిత్రించి ఉండడానికి కారణం ఇదే.

మరొక పొంతన కూడా కుదిరింది. ఆ జట్టు ఆడిన భవనం 1955లో తెరచిన వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియం. ఆకారాన్నిబట్టి ఊరివారు దాన్ని ఎప్పటినుంచో 'బార్న్' అనే పిలిచేవారు. ఆ కొట్టానికి అప్పటికే ఒక గొప్ప క్రీడాచరిత్ర ఉన్నది, అదీ ఆడపిల్లలది. అయోవాలో ఉన్నత పాఠశాలల బాలికలు జట్టుకు ఆరుగురు చొప్పున ఆడే విచిత్రమైన బాస్కెట్‌బాల్ ఒకటి ఉండేది. ముగ్గురు దాడి, ముగ్గురు కాపు. సగం గీత ఎవరూ దాటరాదు. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టరాదు. బయటి ప్రపంచానికి ఇది పాతకాలపు ఆట. అయోవా పల్లెలకు మాత్రం ఏటా మార్చి నెలలో ఒక జాతర. ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసుకొని డి మోయిన్‌కు తరలివచ్చేవి. 1968 ఫైనల్‌లో యూనియన్-విట్టెన్ పాఠశాల ఎవర్లీ పాఠశాలను అదనపు సమయంలో 113-107తో ఓడించిన ఆటను ఆ రాష్ట్రంలో పెద్దలు నేటికీ తలచుకొంటారు. కాలానుగుణంగా ఆ ఆరుగురి ఆటకు 1993లో స్వస్తి చెప్పారు.

సరిగ్గా రెండేండ్లకు, 1995లో, ఆ ఖాళీ కొట్టంలోకి ఎనిమిదిమంది ఫుట్‌బాల్ వచ్చింది. నిబంధనలు వింతగా ఉన్నాయని ఒక ఆటను చిన్నచూపు చూడడం ఆ ప్రేక్షకులకు అలవాటు లేదు. వింత నిబంధనల ఆటనే వారు నలభై ఏండ్లు ప్రేమించారు. కొత్త జట్టును వారు అంత త్వరగా తమదిగా చేసుకోవడంలో ఈ సంగతికి పాలు ఉండి ఉంటుంది.

శిక్షకుడు జాన్ గ్రెగరీ అనుభవశాలి. కెనడా లీగులో సస్కాచవాన్ జట్టుకు 1989లో ఆ దేశపు అత్యున్నత బహుమతి గ్రే కప్ సంపాదించిపెట్టినవాడు. ఇక కావలసింది బంతి విసిరేవాడు. ఫోస్టర్ దృష్టి అయోవా బిడ్డ మీదనే పడింది.

కర్ట్ వార్నర్ 1971లో మిసిసిపి ఒడ్డున ఉన్న బర్లింగ్‌టన్ పట్టణంలో పుట్టాడు. సీడర్ ఫాల్స్‌లోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయంలో చేరి, మూడేండ్లపాటు ప్రక్క బల్ల మీద కూర్చున్నాడు. చివరి సంవత్సరంలో మాత్రమే ఆడించారు. 1994లో పెద్ద లీగు జట్లు కళాశాల ఆటగాళ్ళను ఏరుకొన్నప్పుడు అతని పేరు ఎవరూ పలుకలేదు. గ్రీన్ బే జట్టు పరీక్షార్థం పిలిచింది గాని, అక్కడ అప్పటికే బ్రెట్ ఫావ్ర్ మొదలైన ఉద్దండులు ఉన్నారు. సీజన్ మొదలు కాకముందే ఇంటికి పంపివేశారు.

తిరిగి సీడర్ ఫాల్స్ చేరి, పగలు విశ్వవిద్యాలయంలో సహాయ శిక్షకుడుగా సాధన చేసుకొంటూ, రాత్రి హై-వీ అనే దుకాణంలో పనికి కుదిరాడు. వేతనం గంటకు 5.50 డాలర్లు. పని అలమరలు నింపడం. అప్పటికి అతని బాధ్యత తన ఒక్కడి పొట్ట గురించి కాదు. 1992లో ఒక నృత్యశాలలో పరిచయమైన బ్రెండా అనే యువతి అమెరికా నౌకాదళపు పదాతి విభాగంలో పనిచేసి వచ్చినది, భర్త నుంచి విడిపోయినది, ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దవాడు చంటితనంలో తలకు తగిలిన దెబ్బవల్ల చూపు దాదాపుగా పోగొట్టుకొన్నాడు. ఆమె ప్రభుత్వం పేదలకిచ్చే ఆహారపు కూపన్లతో కాలక్షేపం చేస్తూ నర్సు చదువు చదువుతున్నది. ఆ సంసారాన్ని తన సంసారంగా తలచిన ఇరవైమూడేండ్ల వాడికి అరీనా ఫుట్‌బాల్ పిలుపు వచ్చింది. పెద్ద ఆట మీద కన్నున్నవాడు సర్కసుకు పోతాడా అని తటపటాయించాడనడంలో ఆశ్చర్యం లేదు. పోక తప్పలేదు.

1995లో బార్న్‌స్టార్మర్లు 12 ఆటలలో 7 గెలిచారు. కొత్త జట్టుకు అది తక్కువేమీ కాదు. వార్నర్ విసిరిన బంతులు 43 టచ్‌డౌన్లయ్యాయి. కొత్త వేగం అతని చేతికి ఇంకా పూర్తిగా అలవడలేదు. మరుసటి వేసవి కోసం అందరూ ఎదురుచూశారు.

ఆ వేసవి విషాదంతో మొదలయింది. బ్రెండా తల్లిదండ్రులు ఉద్యోగ విరమణానంతరం ఆర్కాన్సా రాష్ట్రంలోని మౌంటెన్ వ్యూ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. 1996 ఏప్రిల్ 14వ తేదీన ఆ ఊరిమీద విరుచుకుపడిన టోర్నడో సుడిగాలి వారి ఇంటిని తుడిచిపెట్టింది, దంపతులిద్దరూ మరణించారు. లీగు ఆటలు మొదలయ్యే రోజులు అవి. తల్లినీ, తండ్రినీ ఒక్క గడియలో పోగొట్టుకొన్న స్త్రీ ఒక ప్రక్క, పసివాళ్ళు ఒక ప్రక్క, వారం వారం ప్రయాణాలు, ఆటలు మరొక ప్రక్క. బ్రెండా విశ్వాసం అంత దెబ్బకూ నిలబడడం తనను కదిలించివేసిందని, తన మత జీవితానికి అది మలుపు అయిందని వార్నర్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు.

ఆ ఏడాది లీగులో పదిహేను జట్లు ఉన్నాయి. వాటి పేర్లు చదివితే ఆ వ్యాపారం ఎంత అస్థిరమో తెలుస్తుంది. పొరుగు రాష్ట్రం మిన్నెసోటాలో ఆ సీజన్‌కే పుట్టిన ఒక జట్టు, చేప పేరు పెట్టుకొన్నది, ఆ సీజన్‌తోనే మునిగింది. కనెక్టికట్ జట్టు కూడా అప్పుడే అస్తమించింది. మెంఫిస్ జట్టు మరుసటి ఏడాదికి పోర్ట్‌లండ్ చేరి పేరే మార్చుకొన్నది. ఇటువంటి లీగులలో ఆటగాడికి ఓటమి ఒక్కటే భయం కాదు. వచ్చే వేసవికి జట్టు ఉంటుందా, జీతం చెక్కు బ్యాంకులో చెల్లుతుందా అన్న భయమూ వెంట ఉంటుంది. చాలామందికి శీతకాలంలో వేరే ఉద్యోగాలు ఉండక తప్పదు.

అటువంటి లీగులో అయోవా జట్టు నిలకడగా గెలవసాగింది. లెక్కలు చూస్తే 14 ఆటలలో రెండే ఓటములు. వార్నర్ చేతినుంచి వెళ్ళిన బంతులలో 61 టచ్‌డౌన్లు. అంతకంటే గమనింపదగినది అతని చేతిలో వచ్చిన మార్పు. బంతి అందుకొన్న మరుక్షణమే అది చేయి విడిచేది. ఎదుటివాడి కదలిక చూసి విసరడం మాని, కదలకముందే ఊహించి, మనిషి లేని చోటికి బంతిని పంపి మనిషి అక్కడికి వచ్చేటట్లు చేయడం నేర్చాడు. ఇది ఏ గ్రంథం చదివినా రాదు. రెండు అంగల దూరంలో మూడు వందల పౌండ్ల మనిషి మీదికి వస్తుండగా మాత్రమే అబ్బుతుంది.

ఆఖరి పోటీని అరీనా బౌల్ అంటారు. ఆ రోజులలో లీగు పద్ధతి ప్రకారం అది తటస్థ స్థలంలో కాక, మెరుగైన స్థానంలో ఉన్న జట్టు సొంత ఊళ్ళో జరిగేది. కనుక 1996 ఆగస్టు 26న పదవ అరీనా బౌల్ డి మోయిన్ కొట్టంలోనే జరిగింది. లోపల పదకొండు వేల పైచిలుకు జనం. చప్పుడు బయటికి పోయే దారి లేక పైకప్పుకు తగిలి మళ్ళీ క్రిందికే వచ్చే భవనం అది.

ఎదుటి పక్షం టాంపా బే స్టార్మ్. దాని చరిత్ర కూడా తెలుసుకోదగినదే. 1987లో మొట్టమొదటి అరీనా బౌల్‌లో డెన్వర్ చేతిలో 45-16తో చిత్తుగా ఓడిన పిట్స్‌బర్గ్ జట్టే 1991లో ఫ్లోరిడాకు వలసపోయి టాంపా బే అయింది. ఊరు మారగానే రాత మారింది. 1991, 1993, 1995 విజేత అదే. శిక్షకుడు టిమ్ మార్కమ్ ఆ లీగులో గురుతుల్యుడు. క్వార్టర్‌బ్యాక్ జే గ్రూడెన్ ఆ మూడు విజయాలలోనూ పాలుపంచుకొన్నవాడు. గెలవడం అలవాటైన పక్షానికీ, మొదటిసారి గెలవాలని తహతహలాడుతున్న పక్షానికీ మధ్య పోటీ అది.

టాంపా బే 42, అయోవా 38.

ఆ 4 పాయింట్ల తేడా ఈ ఆటలో ఎంత విచిత్రమైన అంకెయో చెప్పాలి. బయటి ఫుట్‌బాల్‌లో బంతిని కర్రల మధ్యకు తన్నితే 3 పాయింట్లు. 4 పాయింట్లు వెనుకబడినవాడికి తన్నుడు ఎందుకూ కొరగాదు. ఫోస్టర్ ఆటలో మాత్రం ఒక పాతకాలపు విద్యకు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. బంతిని చేతినుంచి నేలకు జారవిడిచి, నేల తాకిన క్షణంలో తన్ని కర్రల మధ్యకు పంపితే 3కు బదులు 4. అంటే అట్టి తన్నుడు ఒక్కటి పడితే అయోవా సమానమయ్యేది. అయితే కోడిగ్రుడ్డు ఆకారపు బంతి నేలకు తగిలి ఏ వైపు ఎగురుతుందో బ్రహ్మదేవుడికే తెలియాలి. అందుచేతనే ఆ విద్య ఏనాడో మరుగున పడింది. కర్రల మధ్య ఎడం కూడా ఇక్కడ తొమ్మిది అడుగులే, బయటి ఆటలోని ఎడంలో సగం. నిబంధనల పుస్తకంలో ఉన్న ద్వారం అది. ఆచరణలో మూసిన తలుపు.

మరుసటి ఏడాది జట్టు మళ్ళీ ఆఖరిమెట్టు దాకా వచ్చింది. 14లో 11 గెలుపులు. వార్నర్‌వి 79 టచ్‌డౌన్లు. కానీ 1997 ఆగస్టులో జరిగిన పదకొండవ అరీనా బౌల్ అరిజోనా ఊళ్ళో. ఆతిథేయులు 55-33తో గెలిచారు. మొదటి ఓటమిలో ఉన్న దగ్గరితనం ఇందులో లేదు గనుక దీని గురించి చెప్పవలసింది కూడా తక్కువే.

ఆ అక్టోబరులో వార్నర్, బ్రెండా వివాహం చేసుకొన్నారు. ఆమె బిడ్డలిద్దరినీ అతడు దత్తత తీసుకొన్నాడు. అదే సమయంలో చికాగో జట్టు పరీక్షకు రమ్మన్నది. పెండ్లి విహారంలో అతని మోచేతిని, అదీ బంతి విసిరే చేతి మోచేతిని, ఏదో విషపు పురుగు కుట్టింది, సాలెపురుగు కావచ్చునన్నారు. చేయి వాచి పరీక్ష తప్పిపోయింది. ఇది ఎవరైనా కథలో వ్రాస్తే సంపాదకుడు కొట్టివేస్తాడు. తరువాత సెయింట్ లూయీ రామ్స్ వారు పరీక్షించి తీసుకొన్నారు గాని, 1998 వసంతంలో యూరోపు శాఖా లీగుకు, ఆమ్‌స్టర్‌డామ్‌కు పంపారు. 1999 ఆరంభంలో క్లీవ్‌లండ్‌లో కొత్త జట్టు ఏర్పడుతూ ఇతర జట్లు వదులుకోదలచినవారిని ఏరుకొనే సందర్భంలో రామ్స్ జట్టు వార్నర్‌ను ఆ జాబితాలో పెట్టింది. క్లీవ్‌లండ్ కూడా అతణ్ణి ముట్టలేదు.

ఆ ఆగస్టు నెలాఖరులో రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతిన్నది. మరి గత్యంతరం లేక వార్నర్‌ను దించారు. ఆ సీజన్‌లో అతడు 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు విసిరి లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2000 జనవరి 30న అట్లాంటాలో సూపర్ బౌల్. రామ్స్ 23, టెన్నెసీ 16. వార్నర్ విసిరిన 414 గజాలు ఆనాటికి ఆ పోటీలో రికార్డు. టెన్నెసీ ఆటగాణ్ణి ఆఖరి క్షణంలో గీతకు ఒక్క గజం ఇవతల పడగొట్టి రామ్స్ ఆ ఆట దక్కించుకొన్నారు. ఆ చేయి అంత చురుకుగా ఎక్కడ తయారయిందని అందరూ అడిగారు. అందరికీ అరీనా లీగు పేరు చెప్పవలసి వచ్చింది. సర్కసు అన్న మాట ఆ తరువాత అంతగా వినబడలేదు. 2017లో వార్నర్‌కు ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో స్థానం లభించింది. అంతకు ఆరేండ్ల ముందే, 2011లో, అరీనా లీగు తన కీర్తిమందిరంలో అతణ్ణి చేర్చుకొన్నది. రెండింటిలోనూ ఉన్నవాడు మరొకడు లేడు.

అతనితోపాటు ఆ కొట్టంలో దెబ్బలు తిన్న మిగిలినవారిలో ఎవరికీ అటువంటి అదృష్టం పట్టలేదు. దాడికీ, కాపుకూ దిగి, గోడలకు కొట్టుకొని, శీతకాలం మరో పని చేసుకొన్నవారి పేర్లు అయోవా పాత పత్రికల అంకణాలలో ఉన్నాయి. వార్నర్ బంతి జానెడు సందులోకి పోయిందంటే, ఆ సందులో నిలబడి దాన్ని పట్టినవాడు ఒకడు ఉన్నాడు. ఎదుటివాణ్ణి ఆ రెండు అంగల దూరంలోనే నిలిపినవారు ముగ్గురు ఉన్నారు. చలనచిత్రం తీసేవారికి అందరి కథా చెప్పే వ్యవధి ఉండదు.

జట్టు గతి వేరు. వార్నర్ పేరుతోపాటు బార్న్‌స్టార్మర్స్ పేరు దేశమంతటా మారుమ్రోగిన 2000 సంవత్సరమే ఆ జట్టుకు అయోవాలో ఆఖరు. ఫోస్టర్ జట్టును అమ్మివేశాడు. 2001లో అది న్యూయార్క్ డ్రాగన్స్ అయింది. శిరస్త్రాణాల మీద కళ్ళద్దాలు పోయాయి. తరువాత లీగుకే కష్టకాలం వచ్చింది. అప్పుల వల్ల 2009 సీజన్ జరుగలేదు. మరుసటి ఏడాది మళ్ళీ లేచి, 2019లో దివాళా తీసి మూతపడింది. 2024లో మరికొందరు అదే పేరుతో తిరిగి ప్రారంభించగా, మొదటి కొద్ది వారాలలోనే కొన్ని జట్లు తప్పుకొన్నాయి. 1987 నాటి నాలుగు జట్లలో వలసపోయి బ్రతికిన టాంపా బే 2017 వరకు ఆడి ఆగిపోయింది.

డి మోయిన్‌లో పెద్ద కొత్త భవనం 2005లో వచ్చింది. పాత కొట్టాన్ని అనంతరం సమావేశ మందిరంగా మార్చారు. ఆరుగురి ఆట ఆడిన బాలికలు, ఎనిమిదిమంది ఆట ఆడిన యువకులు తిరిగిన గచ్చుమీద ఇప్పుడు కుర్చీలు, వేదికలు.

ఊరివారు మాత్రం ఆ పేరును వదలలేదు. 2008లో బార్న్‌స్టార్మర్స్ పేరుతో మరొక జట్టును నిలబెట్టారు. 2015లో అది ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ అనే ఇంకా చిన్న లీగులోకి మారింది. 2018 వేసవిలో ఆ లీగు ఫైనల్‌లో అయోవా జట్టు పొరుగు రాష్ట్రపు సూ ఫాల్స్ జట్టును 69-59తో ఓడించి విజేత అయింది. ఆ పేరుగల జట్టు ఆఖరి పోటీ గెలవడం అదే మొదటిసారి. 42-38 నాటి రాత్రి తండ్రుల ప్రక్కన కూర్చున్న పిల్లలకు అప్పటికి ముప్పై ఏండ్లు దాటాయి.